క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు తిండి గురించి ఇంట్లోవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో క్యాన్సర్ పేషెంట్లకి డైటీషియన్‌గా పనిచేస్తున్నా. ఓపీ బయట ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు మొదట అడిగేది ఆపరేషన్ డేట్ ఎప్పుడని, తర్వాత ఖర్చు ఎంతని. తిండి సంగతి చాలామంది అడగనే అడగరు, అడిగినా "ఏం పెట్టకూడదు మేడమ్" అంటారు తప్ప ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అనరు. మనకి జబ్బు అనగానే పథ్యం గుర్తొస్తుంది మరి. కానీ ఈ జబ్బులో నేను ఎక్కువగా చూసే నష్టం ఏదో తినడం వల్ల వచ్చింది కాదు, సరిపడా తినకపోవడం వల్ల వచ్చింది. స్కాన్లు, బయాప్సీ రిపోర్టు, ఫిట్‌నెస్, ఆరోగ్యశ్రీ అప్రూవల్ అంటూ డేట్ వచ్చేలోపు రెండు మూడు వారాలు ఇట్టే గడిచిపోతాయి, ఆ రోజుల్లో మనిషి ఇంకో మూడు కిలోలు తగ్గిపోయి వస్తాడు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా.

ఆపరేషన్ బాగా చేస్తే చాలు కదా, తిండితో అంత తేడా ఏముంటుంది?

చాలా ఉంటుంది. ఆపరేషన్ అంటే ఒంటికి పెద్ద దెబ్బే, ఆ దెబ్బ మానాలంటే ప్రొటీన్ కావాలి, తిండిలోంచి రాకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుని వాడుకుంటుంది. కరిగించడానికి కండ కూడా లేనివాళ్ళ పరిస్థితి ఆలోచించండి. కుట్లు త్వరగా మానవు, చీము పడుతుంది, పేగు కలిపిన చోట లీక్ అయ్యే రిస్క్ పెరుగుతుంది, గట్టిగా దగ్గి కఫం బయటకి తెచ్చే బలం లేక న్యుమోనియా వస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1936లోనే అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో స్టడ్లీ అనే సర్జన్ కడుపులో అల్సర్‌కి ఆపరేషన్ చేసినవాళ్ళ లెక్క తీశాడు. ముందే 20 శాతం పైన బరువు తగ్గినవాళ్ళలో ముగ్గురిలో ఒకరు చనిపోయారు, అంత తగ్గనివాళ్ళలో నూటికి ముగ్గురు నలుగురే. అది అల్సర్ సంగతి, యాంటీబయాటిక్స్ కూడా సరిగ్గా లేని రోజులు, ఇప్పుడు అంత ఘోరంగా లేదు. కానీ ఆ తేడా మాత్రం ఈరోజుకీ వార్డులో కనిపిస్తూనే ఉంటుంది, ఒకరు వారంలో ఇంటికెళ్తే పక్క బెడ్ ఆయన మూడు వారాలు ఉంటాడు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు, ఆపరేషన్ తర్వాత చాలామందికి కీమోనో రేడియేషనో ఉంటుంది, అది టైమ్‌కి మొదలవ్వాలి. మనిషి కోలుకోకపోతే అది వెనక్కి పోతుంది.

బరువు ఎంత తగ్గితే సీరియస్‌గా తీసుకోవాలి?

లెక్క సింపుల్. జబ్బు రాకముందు ఉన్న బరువులోంచి ఇప్పటి బరువు తీసేయండి, వచ్చినదాన్ని పాత బరువుతో భాగించి వందతో గుణించండి. 62 కిలోలు ఉండే మనిషి ఆరు నెలల్లో 54కి వచ్చాడంటే 8 కిలోలు పోయినట్టు, అంటే దాదాపు 13 శాతం. ఆరు నెలల్లో 5 శాతం దాటగానే డాక్టర్‌కి చెప్పాలి, 10 శాతం దాటితే అది పెద్ద విషయం, ఆపరేషన్ ప్లాన్‌లోనే లెక్కలోకి రావాలి. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 18.5 కంటే తక్కువ ఉన్నా అంతే.

పాత బరువు ఎవరికీ గుర్తుండదు. అప్పుడు వేరే గుర్తులు అడుగుతా, బెల్టుకి కొత్తగా చిల్లులు పొడిచారా, జాకెట్లు లోపలికి కుట్టించారా, గాజులు జారుతున్నాయా అని. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పెళ్ళినాటి ఉంగరానికి లోపలివైపు తెల్లదారం చుట్టుకున్నాడు, వేలి నుంచి జారిపోతోందని. ఆయన "పెద్దగా ఏం తగ్గలేదమ్మా" అంటున్నాడు, నా కళ్ళేమో ఆ దారం మీదే ఉన్నాయి. పాత డిశ్చార్జ్ కాగితం వెతికిస్తే 11 కిలోలు తేడా తేలింది.

ఒకటి గుర్తుపెట్టుకోండి, కాళ్ళకి నీరు పట్టినా పొట్టలో నీరు చేరినా బరువు తగ్గనట్టే చూపిస్తుంది మెషిన్. ఆ అంకెని నమ్మకండి, భుజాలు, దవడలు, తొడలు చూడండి.

మా అమ్మ లావుగానే ఉంటుంది, ఆమెకి పోషణ లోపం ఏంటి?

ఉండొచ్చు. లావు మనిషి తగ్గితే ఇంట్లోవాళ్ళు పోనీలే మంచిదే అనుకుంటారు, అక్కడే పొరపాటు. జబ్బులో పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది, పైకి కొవ్వు ఉండటం వల్ల అది కనపడదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతోందా, మెట్లెక్కుతుంటే కాళ్ళు వణుకుతున్నాయా, నీళ్ళ సీసా మూత తిప్పగలుగుతోందా చూడండి. ఆపరేషన్ ముందు నెలలో డైటింగ్ మాత్రం చేయించొద్దు దయచేసి.

అల్బుమిన్ తక్కువ ఉందన్నారు, రోజుకి ఆరు గుడ్లు పెడితే పెరుగుతుందా?

అల్బుమిన్ రక్తంలో ఉండే ఒక ప్రొటీన్, అది తిండి మీటర్ అని అందరూ అనుకుంటారు, డాక్టర్లలో కూడా కొంతమంది అలాగే చెప్తారు. నిజానికి ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా, క్యాన్సర్ వల్ల వాపు ఉన్నా, లివర్ బాగోకపోయినా అది పడిపోతుంది. తక్కువ ఉంటే ఆపరేషన్ రిస్క్ ఎక్కువ అన్నది నిజమే, రిపోర్టులో డెసిలీటరుకి 3 గ్రాముల కన్నా తక్కువంటే జాగ్రత్తపడాల్సిందే. కానీ అది రక్తంలో నెమ్మదిగా మారే పదార్థం, నాలుగు రోజులు గుడ్లు పెట్టి మళ్ళీ టెస్ట్ చేయించి పెరగలేదని ఏడవొద్దు. గుడ్లు పెట్టండి, అల్బుమిన్ కోసం కాదు, మనిషి కోసం. ఇక అల్బుమిన్ ఇంజెక్షన్ బాటిల్ చాలా ఖరీదు, దానికి వేరే అవసరాలు ఉంటాయి, అది తిండికి బదులు అయితే కాదు.

రోజుకి ఎంత తినాలి, గ్రాముల్లో చెప్పండి.

ఒక కిలో బరువుకి 25 నుంచి 30 క్యాలరీలు, ప్రొటీన్ అయితే 1.2 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోల మనిషికి 1500 నుంచి 1800 క్యాలరీలు, 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ అన్నమాట. మన ఇళ్ళల్లో అన్నం, చారు, పెరుగు మీద నడిచే మనిషికి అందులో సగం కూడా అందదు.

మన తిండిలోనే చెప్తా. రెండు గుడ్లకి 12 గ్రాములు, పాలూ పెరుగూ కలిపి అర లీటరుకి 16, పచ్చి కందిపప్పు 50 గ్రాములు కొలిచి వండితే 11, చికెన్ 100 గ్రాములకి 20 దాకా, గుప్పెడు వేరుశనగ గుళ్ళకి 7, రోజు మొత్తం అన్నానికి 200 గ్రాముల బియ్యం అనుకుంటే ఇంకో 14 దాకా. కలిపితే 80. మాంసం ముట్టనివాళ్ళు చికెన్ బదులు 40 గ్రాముల మీల్‌మేకర్ వేస్తే సరిపోతుంది, లేదంటే 100 గ్రాముల పనీర్. ఇంకా వివరంగా కావాలంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు ఉన్నాయి, మన పప్పులు, ఆకుకూరలు, చేపలు అన్నీ అందులో దొరుకుతాయి.

కిడ్నీ జబ్బు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి ఈ లెక్క మారుతుంది, వాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఇది పాటించొద్దు.

నాన్న ఏం పెట్టినా రెండు ముద్దలకే చాలంటున్నారు. బతిమాలినా తినట్లేదు, ఏం చేయాలి?

ముందు ఒక మాట, ఆయన మొండితనం కాదు అది. కడుపులో గడ్డ ఉంటే నిజంగానే రెండు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది, క్యాన్సర్ ఆకలినే చంపేస్తుంది, నాలుకకి ఇనుప రుచి తగులుతుంది. తిట్టినా ఏడ్చినా తినలేరు, పైగా అన్నం టైమ్ అంటేనే భయం పట్టుకుంటుంది.

మూడు పూటలు అనే పద్ధతి మర్చిపోండి. రెండు గంటలకోసారి ఓ చిన్న గిన్నెలో కొంచెం పెట్టండి, రోజుకి ఆరేడు సార్లు. పెట్టే ఆ కొంచెం చిక్కగా ఉండాలి. గంజి, పల్చటి చారు, కొబ్బరినీళ్ళు, గ్లూకోజ్ నీళ్ళు... వీటితో కడుపు నిండిపోతుంది కానీ ఒంటికి ఏమీ పట్టదు, గ్లాసు కొబ్బరినీళ్ళల్లో ప్రొటీన్ దాదాపు ఉండదు. అదే గ్లాసు చిక్కటి పాలల్లో రెండు చెంచాల పాలపొడి కలిపితే ఎంత తేడానో చూడండి. జావలో వేయించిన పుట్నాలపొడి, వేరుశనగపొడి కలపండి, పప్పులో చెంచా నెయ్యి ఎక్కువ వేయండి, ఇడ్లీ పెడితే పల్లీచట్నీ గట్టిగా పెట్టండి. తినేటప్పుడు నీళ్ళు తాగించకండి, అరగంట ఆగి ఇవ్వండి. వాసన పడకపోతే వేడి వేడి కూరల కంటే చల్లారినవి నయం, పెరుగన్నం, మజ్జిగపులుసు లాంటివి తేలిగ్గా దిగుతాయి. పొద్దున ఆకలి కాస్త మెరుగ్గా ఉంటుంది కాబట్టి బలమైనదేదో పొద్దున్నే పెట్టేయండి.

ఒకసారి వార్డులో ఒక అమ్మ స్టీలు గ్లాసులో రాగిజావ పట్టుకుని ఉంది, పైన పళ్ళెం మూత. మూత తీస్తే జావ మీద తోలులా పొర కట్టేసింది, ఎప్పుడో ఏడింటికి కలిపింది, అప్పుడు పదకొండవుతోంది. భర్త ముట్టుకోలేదు. ఏం తినాలనుంది బాబాయ్ అని అడిగితే ఆయన నెమ్మదిగా "పెసరట్టు" అన్నాడు. ఆమె వెంటనే "వద్దమ్మా, నూనె, అరగదు" అంది. పెసలు అంటే ప్రొటీన్ కదా, నూనె అంటే క్యాలరీలే కదా, ఆయనకి కావాల్సింది సరిగ్గా అదే! మర్నాడు అట్టు తెప్పించాం, సగం ఎనిమిదింటికి తిన్నాడు, మిగతా సగం పదిన్నరకి. ఆ వారం ఆయన బరువు తగ్గడం ఆగింది. పెరగలేదు, ఆగింది, ఆ టైమ్‌లో అది కూడా గెలుపే.

ఇన్ని చేసినా రోజూ తినాల్సిన దాంట్లో సగం కూడా వెళ్ళట్లేదంటే ఇంట్లో ప్రయోగాలు ఆపి డాక్టర్‌కి చెప్పండి. వాంతులు, నొప్పి, మలబద్ధకం, నోటిపూత... వీటికి మందులున్నాయి, అవి తగ్గితే తిండి దానంతటదే కొంత పెరుగుతుంది.

మింగలేకపోతున్నారు, ముక్కులో గొట్టం వేస్తామన్నారు. గొట్టం అంటే ఇక చివరిదశేనా?

కాదు. ఈ భయం వల్ల ఎంతమంది నెల రోజులు టీ నీళ్ళ మీద బతికి ఆపరేషన్‌కి పనికిరాకుండా అయిపోతారో చెప్పలేను. అన్నవాహిక క్యాన్సర్‌లో గొంతు దాటాక దారి ఇరుకైపోతుంది, గుట్కా, ఖైనీ వల్ల నోటి క్యాన్సర్ వచ్చినవాళ్ళకి నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోదు. కడుపు, పేగులు బాగానే ఉన్నాయి, దారి ఒక్కటే మూసుకుంది, గొట్టం ఆ దారికి బైపాస్ అంతే. ఎక్కువ రోజులు కావాలంటే పొట్ట మీద నుంచి కడుపులోకో పేగులోకో వేస్తారు. ఆపరేషన్ అయ్యి మింగడం వచ్చాక చాలామందికి తీసేస్తారు.

ముక్కు గొట్టంలో పోసేటప్పుడు మనిషిని కూర్చోబెట్టాలి, లేకపోతే తల వైపు బాగా ఎత్తుపెట్టాలి, పోశాక కూడా అరగంట పైనే అలా ఉంచాలి. ముందూ వెనకా కాచి చల్లార్చిన నీళ్ళు కొంచెం పోసి గొట్టం కడగాలి. వడకట్టిన పప్పునీళ్ళు, బార్లీనీళ్ళు పోసి సరిపెట్టకండి, గొట్టంలోంచి వెళ్ళేది కూడా లెక్కప్రకారం ఉండాలి, డైటీషియన్ చేత రాయించుకోండి.

రెండు సెలైన్లు ఎక్కిస్తే బలం వస్తుంది కదా?

రాదు. ఉప్పు సెలైన్‌లో క్యాలరీలే లేవు. 5 శాతం గ్లూకోజ్ బాటిల్ అర లీటరులో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, వంద క్యాలరీలు కూడా కాదు, రెండు ఇడ్లీలు అంతకన్నా నయం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు సెలైన్ అవసరమే, బలానికి మాత్రం కాదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర దీనికి డబ్బులు పోయకండి, ఆ డబ్బుకి గుడ్లు, పాలు వస్తాయి.

పప్పు తింటే చీము పడుతుందంటారు, గుడ్డు వేడంటారు, వంకాయ, గోంగూర వద్దంటారు...

పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము పట్టేది బ్యాక్టీరియా వల్ల, ప్రొటీన్ తక్కువైన ఒంట్లో అది ఇంకా తొందరగా పడుతుంది, అంటే పప్పు మానేస్తేనే చీముకి దగ్గరవుతున్నట్టు. ఈ మాట మా సొంత పెద్దమ్మకి కూడా ఒప్పించలేకపోయాను మొదట్లో, ఎందుకంటే వాళ్ళ అమ్మ చెప్పింది, ఆమె అమ్మ చెప్పింది. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకండి, డాక్టర్ చేత చీటీ మీద "పప్పు, గుడ్డు తప్పనిసరి" అని రాయించి చూపించండి, ఆ చీటీకి విలువిస్తారు.

వంకాయ, గోంగూర వాళ్ళకి పడకపోతే మానేయండి, వాటివల్ల పెద్ద లాభనష్టాలు లేవు. పచ్చిగుడ్డు పాలల్లో కొట్టి తాగించడం మాత్రం వద్దు, ఇన్ఫెక్షన్ భయం ఉంది, ఉడికిన గుడ్డే ఒంటికి బాగా పడుతుంది కూడా.

చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని వాట్సాప్‌లో వచ్చింది, అన్నం కూడా మానిపించాం.

అన్నం మళ్ళీ పెట్టండి, ఈరోజే. ఒంట్లో ప్రతి కణం గ్లూకోజ్ వాడుతుంది, మనం తినడం మానేసినా లివర్ కండని కరిగించి మరీ గ్లూకోజ్ తయారుచేస్తుంది, దాంతో గడ్డ ఎండిపోదు, మనిషి ఎండిపోతాడు. షుగర్ జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఆపరేషన్ ముందు షుగర్ కంట్రోల్‌లో ఉండటం చాలా ముఖ్యం, కానీ అది తిండి తగ్గించి కాదు, మందులూ ఇన్సులిన్ సరిచేసి. ఉపవాసం పెట్టి షుగర్ తగ్గిందని సంతోషపడితే కండ పోతుంది.

ప్రొటీన్ పౌడర్ కొనాలా?

తిండితో సరిపోతే అక్కర్లేదు. సరిపోకపోతే పనికొస్తుంది, ముఖ్యంగా గట్టి తిండి దిగనివాళ్ళకి. డబ్బా ముందు బొమ్మ కాదు, వెనక చిన్న అక్షరాలు చదవండి, వంద గ్రాములకి ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత అని. పిల్లలకిచ్చే మాల్ట్ పౌడర్లలో ఎక్కువ చక్కెరే. ఆర్జినిన్, ఒమేగా-3 కలిపిన స్పెషల్ పౌడర్లు కూడా కొన్ని పెద్ద ఆపరేషన్లకి 5 నుంచి 7 రోజులు ముందు ఇస్తారు, ఖరీదు ఎక్కువ, డాక్టర్ రాస్తేనే కొనండి.

బలం వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేద్దామన్నారు. ఈలోగా గడ్డ పెరిగిపోదా?

న్యాయమైన భయమే. కానీ బాగా నీరసించిపోయిన పేషెంట్‌కి 7 నుంచి 14 రోజులు గట్టిగా పోషణ ఇచ్చి ఆ తర్వాత ఆపరేషన్ చేయడమే మంచిదని, క్యాన్సర్ అయినా సరే ఆ మాత్రం ఆగొచ్చని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్ గైడ్‌లైన్స్‌లో ఉంది. ఇది అందరికీ కాదు. పేగు మూసుకుపోయినా, రక్తం పోతున్నా ఆగడం కుదరదు, అది సర్జన్ నిర్ణయం. అయితే ఆ రెండు వారాలు ఇంటికెళ్ళి మళ్ళీ చారన్నమే తిని వస్తే వాయిదా వేసిన లాభమే ఉండదు, అవి మందులేసుకున్నంత పద్ధతిగా తినాల్సిన రోజులు.

వారం పైన ఏమీ తినలేదు, ఇప్పుడు తినగలుగుతున్నారు. బాగా పెట్టేయొచ్చా?

వద్దు, ఆగండి! 5 రోజులకి మించి దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోయి గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదకి వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత క్యాంపుల నుంచి బయటపడిన ఖైదీల్లో కొందరు కడుపునిండా తిన్నాక చనిపోయారు, కారణం ఇదే. రక్తపరీక్ష చేసి, బీ1 విటమిన్ ఇచ్చి, కొంచెం కొంచెంగా పెంచుతారు. ఇది ఆస్పత్రిలో జరగాల్సిన పని.

పసుపు క్యాప్సూల్స్, గోధుమగడ్డి రసం, మూలికలు ఆపాలా?

కూరలో పసుపు ఆపక్కర్లేదు. క్యాప్సూల్స్, వెల్లుల్లి మాత్రలు, చేపనూనె, మూలికల పొడులు ఏవి వాడుతున్నా అన్నీ సంచిలో వేసుకొచ్చి డాక్టర్‌కి చూపించండి, కొన్నిటివల్ల రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశం ఉంది. దాచిపెట్టకండి, ఎవరూ తిట్టరు.

నడిపించొచ్చా?

నడిపించాలి. తిన్న ప్రొటీన్ కండగా మారాలంటే ఒళ్ళు కదలాలి. వరండాలో పది నిమిషాలు రోజుకి మూడుసార్లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. బీడీ, సిగరెట్ ఈరోజే మానిపించండి, నాలుగు వారాల ముందు మానితే ఊపిరితిత్తులకి చాలా మేలు.

ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు, నిజంగా అంత అవసరమా?

ఇప్పుడు చాలాచోట్ల పాటించే పద్ధతి ఏంటంటే గట్టి తిండి, పాలు ఆపరేషన్‌కి 6 గంటల ముందు ఆపాలి, మంచినీళ్ళ లాంటి తేటద్రవాలు మాత్రం 2 గంటల ముందు వరకూ తాగొచ్చు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునే పద్ధతి మొదలుపెట్టాక ఇలాంటివి చాలా మారాయి. కొన్నిచోట్ల రాత్రీ పొద్దున్నా తీపి పానీయం కూడా ఇస్తారు. కానీ కడుపు సరిగ్గా ఖాళీ అవ్వనివాళ్ళకి, పేగు అడ్డుపడినవాళ్ళకి ఇది వర్తించదు, కాబట్టి మీకు మీరుగా ఇవ్వకండి. మత్తు డాక్టర్‌ని సూటిగా అడగండి, మంచినీళ్ళు ఎన్నింటి వరకు ఇవ్వొచ్చు, లిస్ట్‌లో మాది ఎన్నో నంబర్ అని. అడగనందుకే మధ్యాహ్నం మూడింటి కేసు కూడా రాత్రి తొమ్మిది నుంచి నాలుక పిడచకట్టుకుని పడుకుంటుంది.

ఆపరేషన్ అయ్యాక ఎప్పటి నుంచి తినొచ్చు?

ఆపరేషన్‌ని బట్టి. పెద్దపేగు ఆపరేషన్లలో చాలామందికి మొదటి 24 గంటల్లోనే కొంచెం కొంచెం మొదలుపెడతారు, గ్యాస్ పోయేదాకా ఆగాలన్న పాత రూలు ఇప్పుడు లేదు. అన్నవాహిక, కడుపు, నోటి ఆపరేషన్లకి కొన్ని రోజులు గొట్టంతోనే. డాక్టర్ తినమన్నాక కూడా చుట్టాలు తెచ్చిన బ్రెడ్, యాపిల్, కొబ్బరిబొండాలతో నాలుగు రోజులు గడిపేస్తారు, అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది. చూడ్డానికొచ్చేవాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పండి, పళ్ళ బదులు ఉడికిన గుడ్లో, గట్టి పెరుగో, పెసరట్టో తెమ్మని.

కడుపు మొత్తం తీసేశారు, ఇంటికెళ్ళాక ఎలా?

రోజుకి ఆరు చిన్న భోజనాలు, బాగా నమిలి, నీళ్ళు విడిగా. తీపి ఎక్కువైతే తిన్న కాసేపటికి చెమటలు, గుండెదడ, విరేచనం వస్తాయి, కంగారుపడకండి, తీపి తగ్గించి ప్రొటీన్ ముందు తినిపించండి. కడుపు మొత్తం తీసేస్తే బీ12 ఇక తిండిలోంచి సరిగ్గా ఎక్కదు, జీవితాంతం ఇంజెక్షన్ ఉంటుంది, ఆరోగ్యం కుదుటపడిందని దాన్ని ఆపేసినవాళ్ళు ఉన్నారు, ఆపొద్దు. క్లోమం ఆపరేషన్ అయినవాళ్ళకి విరేచనం జిడ్డుగా నీళ్ళమీద తేలుతుంటే ఎంజైమ్ క్యాప్సూల్స్ కావాలి, అవి భోజనంతో పాటు వేసుకోవాలి, తర్వాత కాదు.

బరువు వారానికోసారి ఒకే మెషిన్ మీద చూడండి, ఇంట్లో లేకపోతే మెడికల్ షాపులోనో పీహెచ్‌సీలోనో. గోడ క్యాలెండర్ మీద ఆదివారం గడిలో ఆ అంకె రాయండి, చెకప్‌కి వచ్చేటప్పుడు ఆ కాగితాలు చింపి ఫైల్లో పెట్టుకు రండి, రెండు వారాలు వరసగా తగ్గితే మాత్రం చెకప్ డేట్ కోసం చూడకుండా ముందే రండి.